పద్నాలుగు తప్పుల ముఖం

కట్టడాల పటాల భాండాగారంలో ముప్పై నాలుగేళ్లుగా ఒక్క పూటైనా ఆలస్యంగా అడుగుపెట్టని సూపరింటెండెంటు గారికి, ఒక సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు రెండు నిమిషాలుండగా, తాను తాను కాదన్న సంగతి తెలిసింది. ఇంతటి సత్యాన్ని ఆవిడకు ఉపదేశించినది ఏ మహర్షీ కాదు. గేటు పక్క గోడకు కొత్తగా బిగించిన, పలకంత వెడల్పున్న ఒక యంత్రం. ఆవిడ దాని ఎదుట నిలబడ్డారు. అది రెప్ప వేయకుండా కాసేపు చూసి, ఎర్రదీపం వెలిగించి, "గుర్తు తెలియని వ్యక్తి" అని తేనెలొలికే గొంతుతో ప్రకటించింది.

"కళ్లద్దాలు తీసి చూడండమ్మగారూ," అన్నాడు కాపలాదారు.

తీశారు. గుర్తు తెలియని వ్యక్తి.

"పోనీ, కాస్త నవ్వి చూడండి."

"ఆఫీసుకి వస్తూ నవ్వడమేమిటయ్యా?"

చేసేదిలేక కాపలాదారు సందర్శకుల చీటీ ఒకటి చింపి నింపాడు. 'ఎవరిని చూడవచ్చారు' అన్న గడి దగ్గర కలం ఆగింది. కాసేపు ఆలోచించి, అక్కడా ఆవిడ పేరే రాశాడు. ఆ విధంగా సూపరింటెండెంటు గారు తనను తాను చూడవచ్చిన అతిథిగా మెడలో బిళ్ల వేసుకుని, తన కుర్చీలో తాను కూర్చుని, సాయంత్రం దాకా నగర పటాలకు వరుస సంఖ్యలు వేశారు. హాజరు పట్టికలో మాత్రం ఆ రోజు ఆవిడ రాలేదు.

మరో కాలంలోనైతే ఆవిడ దీన్ని లెక్కచేసేవారు కాదు. కానీ ప్రధాన పటాధికారి కుర్చీ ఖాళీ అయి అప్పటికి పది రోజులు. ఆ కుర్చీకి ఆవిడ రెండుసార్లు పోటీపడ్డారు. మొదటిసారి బోర్డువారు అనుభవం చాలదన్నారు. ఆరేళ్ల తరవాత, అనుభవం మరీ ఎక్కువైంది, కొత్త ఆలోచనలు కావాలన్నారు. ఆ నడుమ ఏదో ఒక మంగళవారం నాడు ఆవిడ అనుభవం సరిగ్గా సరిపోయి ఉండాలి; ఆ రోజును ఎవరూ గమనించలేదు. ఇప్పుడు ఆవిడకు యాభై ఎనిమిది. పదవీ విరమణకు రెండేళ్లు. మళ్లీ ఆ కుర్చీ ఖాళీ అయ్యేనాటికి ఆవిడ ఇంట్లో ఉంటారు.

బోర్డు ఏడు వారాల్లో కూర్చుంటుంది. ఆలోగా అయిదు రోజులకు మించి గైరుహాజరైనవారు అనర్హులు. హాజరుకు యంత్రం మాటే ప్రమాణం. ఈ రెండు వాక్యాల సర్క్యులరును రచించినవారు ఉప సూపరింటెండెంటు గారు. ఆయనకు యాభై అయిదు. జుట్టూ మీసమూ మాత్రం పాతికేళ్ల దగ్గరే ఆగి, కొత్త బూట్లలా మెరుస్తుండేవి. అందుచేత సిబ్బంది ఆయన్ను చాటున నిగనిగ గారు అనేవారు. ఆ కుర్చీకి రెండో అభ్యర్థి ఆయనే.

మంగళవారం ఆవిడ జుట్టు బిగించి దువ్వుకుని వచ్చారు. బుధవారం వదులుగా దువ్వుకుని వచ్చారు. గురువారం నవ్వారు కూడా. నాలుగు గైరుహాజర్లు పడ్డాయి. ఆనాటి మధ్యాహ్నం యంత్రాన్ని బిగించిన ఇంజనీరు వచ్చి, దాని కడుపులో దాచుకున్న ఫొటోను తెరమీద చూపించాడు.

ఆ ఫొటోలోని స్త్రీ ముఖం సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. మెడ వేరొకరిది తెచ్చి అతికించినట్టుంది. చెంపల మీద ఇటుకరంగు దవడ దాకా జారింది. కనురెప్పలు పళ్లెం అడుగులా తళతళలాడుతున్నాయి. ఎడమ కనుబొమ, ఎవరో చెప్పిన మాట నమ్మలేకపోతున్నట్టు, కుడిదానికంటే బాగా పైకి లేచి ఉంది.

"ఎవరయ్యా ఈవిడ?"

"మీరేనండి," అన్నాడు ఇంజనీరు భయంగా.

అప్పుడు గుర్తుకొచ్చింది. ముఖాల నమోదుకు గడువు ముగిసిన నాటి ఉదయమే ఆవిడ మేనకోడలికి బ్యూటీషియన్ కోర్సులో ప్రాక్టికల్ పరీక్ష. ప్రశ్న: యాభై అయిదు దాటిన స్త్రీకి పగటిపూట అలంకరణ. యాభై అయిదు దాటిన స్త్రీని అభ్యర్థులే తెచ్చుకోవాలి. పుట్టి బుద్ధెరిగాక పౌడరు ముట్టని అత్త "కదలకు అత్తా, కదలకు" అనిపించుకుంటూ రెండు గంటలు కూర్చుని, అటునుంచి అటే బస్సెక్కి, గడువుకు అయిదు నిమిషాల ముందు ఈ యంత్రానికి తన ముఖాన్ని అప్పగించారు. మేనకోడలు ఆ పరీక్ష తప్పింది. అంటే భాండాగారపు యంత్రం కంఠస్థం చేసి కూర్చున్నది తప్పిన విద్యార్థిని జవాబు పత్రాన్ని.

"చెరిపేసి నా ముఖం ఎక్కించు."

"మళ్లీ నమోదు ఆరు నెలలకండి. లేదంటే ముఖమార్పు కింద దరఖాస్తు పెట్టాలి. డాక్టరు సర్టిఫికెట్ జతచేసి."

డాక్టరు ఆవిడను ఇరవై ఏళ్లుగా ఎరిగినవాడు. కాగితం తీసుకుని, ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, 'ఎట్టి మార్పూ లేదు' అని నిజాయితీగా రాసిచ్చాడు. అయినా దరఖాస్తు వెళ్లింది. అది నిగనిగ గారి బల్ల మీదికి చేరింది. ఆయన దానిపై 'చర్చించవలెను' అని రాసి, ఎవరితోనూ చర్చించకుండా ఉంచుకున్నారు.

శుక్రవారం తెల్లవారి మేనకోడలు డబ్బాలతో దిగింది. గంటన్నర శ్రమించింది. యంత్రం ఎర్రబడింది. అయిదో గైరుహాజరు.

"ఏమే, తప్పడం కూడా నీకు సరిగ్గా రాదా?" అన్నారు మేనత్త ఆ సాయంత్రం.

"ఆ రోజు తెలిసి చేశానా అత్తా తప్పులు? అలా పడిపోయాయి. ఇప్పుడు నాకు కాస్త తెలుసు. చెయ్యి దానంతటదే సరిగ్గా పోతోంది."

"ఆ తెలివేదో పరీక్షకి ముందు రావాల్సింది."

"నువ్వు కదిలావు కూడానూ!"

ఇంకొక్క ఎర్రదీపంతో కుర్చీ పోతుంది. అయితే సూపరింటెండెంటు గారికి ఒక మతం ఉంది: లోకంలో జరిగిన ప్రతిదానికీ ఎక్కడో ఒక కాగితం ఉంటుంది. పరీక్ష తప్పించారంటే ఎందుకు తప్పించారో ఎవరో ఎక్కడో రాసిపెట్టి ఉంటారు.

రాసిపెట్టినవారు పరీక్షకురాలు. ఆవిడకు అరవై ఆరు. సందు చివర ఆవిడకో పార్లరు. రెండు కుర్చీలు, ఉత్తరపు కిటికీ, గోడవైపు తిప్పిపెట్టిన అద్దం. పని పూర్తయ్యేదాకా అద్దం చూపించరాదని ఆవిడ నియమం. సినిమా తారల ఫొటోలు లేవు. శనివారం ఉదయం ఆవిడ బీరువా తెరిచి, ముఖపు గీత అచ్చువేసిన కాగితమొకటి బయటికి తీశారు. దాని మీద ఎర్రసిరాతో, బాణపు గుర్తులతో, పద్నాలుగు తప్పులు వరుసగా నమోదై ఉన్నాయి. ఏ తప్పు ఎక్కడ, ఎంత మేర, ఏ రంగుతో. ఎడమ కనుబొమ ఎన్ని మిల్లీమీటర్లు ఎగిసిందో కూడా ఉంది.

సూపరింటెండెంటు గారు ఆ పత్రాన్ని రెండు చేతులా అందుకున్నారు. నగరపు తొలి కొలతల పటం దొరికిననాడు కూడా ఆవిడ కళ్లు అంతగా చెమర్చలేదు.

"టీచర్ గారూ, వీటిని రోజూ పొద్దున్నే నా ముఖం మీద వేయాలి."

"వీటినా?" పరీక్షకురాలు కుర్చీలో వెనక్కి జరిగారు. "నలభై ఏళ్లుగా ఈ తప్పులు చేయకండ్రా తల్లీ అని మొత్తుకుంటూ బతికాను. ఇప్పుడు నా చేత్తోనా? కావాలంటే మిమ్మల్ని మీకే ముచ్చటేసేలా తయారుచేస్తాను. ఇది మాత్రం నావల్ల కాదు."

"నాకు ముచ్చట వద్దండీ, కుర్చీ కావాలి. మా దగ్గర పాత పటానికి నకలు తీస్తాం. మూలంలో వీధి వంకర తప్పుగా గీసి ఉంటే నకల్లోనూ తప్పుగానే గీస్తాం. దిద్దితే అది నకలు కాదు, ఫోర్జరీ."

పరీక్షకురాలు పత్రాన్ని వెనక్కి తీసుకుని, పద్నాలుగు బాణాలనూ వేలితో లెక్కపెట్టారు. చివరికి అన్నారు: "సరే. కానీ దీన్ని నేను అలంకరణ అనను. నకలంటాను."

సోమవారం ఉదయం యంత్రం పచ్చదీపం వెలిగించి, "స్వాగతం" అంది. కాపలాదారు మాత్రం చీటీల పుస్తకం తీసి, "ఎవరిని చూడాలండీ?" అని అడిగాడు.

నాటినుంచి ప్రతి ఉదయం ఏడున్నరకు ఆ ఉత్తరపు కిటికీ వద్ద ఒక విచిత్రమైన క్రతువు సాగింది. పరీక్షకురాలు తప్పు చేసేటప్పుడల్లా, పాప పరిహారంగా, ఒప్పును పైకి పఠించేవారు.

"వయసు మీదపడ్డ చర్మానికి ముందు తడి కావాలి. క్రీము రాసి, అది ఇంకేదాకా పది నిమిషాలు ఆగాలి," అంటూ ఆగకుండా ఫౌండేషన్ పూసేవారు. "అది మెడ రంగుతో కలవాలి," అంటూ కలవనిది ఎంచేవారు. "కళ్లకింద పౌడరు ఒత్తకూడదు, గీతల్లో చేరి లేని ముడతల్ని కూడా చూపిస్తుంది," అంటూ ఒత్తేవారు. "చెంపల రంగు పైకి తీయాలి తల్లీ, పైకి. కిందికి లాగితే ముఖం మొత్తం ఏడుపులోకి దిగుతుంది." కిందికి లాగేవారు. "రెప్పల మీద తళుకు పెళ్లీడు పిల్లలకి." తళుకు అద్దేవారు. "పెదవి గీత పెదవి మీదే ఉండాలి." ఇక్కడ మాత్రం ఆవిడ పెన్సిలును రెండుసార్లు చెక్కేవారు; పెదవి దాటి గీయడం ఆవిడకు ఎన్ని వారాలైనా అలవాటు కాలేదు.

ఆ ముఖంతో సూపరింటెండెంటు గారు భాండాగారంలో సంచరించిన అయిదు వారాలూ ఆ సంస్థ చరిత్రలో చిరస్మరణీయాలు. పటాల గదిలోకి క్రీములు, పౌడర్లు పూసుకుని రాకూడదని పదేళ్ల కిందట నోటీసు అంటించింది ఆవిడే. కనుక ఆవిడ గుడ్డ మాస్కు కట్టుకుని, చేతి తొడుగులు వేసుకుని లోపలికి వెళ్లేవారు. నియమం ఉల్లంఘించినందుకు తనకు తానే ఒక మెమో ఇచ్చుకుని, జవాబు రాసుకుని, ఆ జవాబు సంతృప్తికరంగా లేదని ఫైలులో పెట్టారు.

సలహాలు వరదలా వచ్చిపడ్డాయి. "మేడమ్, ఏమీ అనుకోకండి, మన వయసుకి ముదురు ఎరుపు నప్పదు," అంది టైపిస్టు, ముప్పై రెండేళ్ల మనిషి, ఆ 'మన'లో కలిసిపోతూ. లిఫ్టు నడిపే ఆయన, తన భార్య పెరుగు వాడుతుందని చెప్పాడు. మేనకోడలి తల్లి, అంటే ఆవిడ మరదలు, ఫోన్ చేసి గొంతు తగ్గించింది.

"ఎవరైనా ఉంటే చెప్పెయ్ వదినా. మేమేం అనుకోం."

"యంత్రం ఉందే."

"ఏం పనిచేస్తాడు?"

"గేటు దగ్గర ఉంటుంది."

"కాపలాదారా! పోనీలే, మంచివాడేనా?"

ఆవిడ మాత్రం పచ్చదీపాలు లెక్కపెట్టుకున్నారు. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు.

బోర్డు కూర్చునే నాటి ఉదయం పరీక్షకురాలు ఎందుకో ఒప్పులు పఠించలేదు. క్రీము పూసి పది నిమిషాలు ఊరుకున్నారు. సూపరింటెండెంటు గారు కళ్లు మూసుకుని, పాత పటాల్లో సిరా వెలిసిపోకుండా కాపాడే పద్ధతుల్ని మనసులో వల్లె వేసుకుంటున్నారు. అద్దం ఎప్పటిలాగే గోడకేసి ఉంది. "లేవండమ్మా, ఆలస్యమవుతుంది," అన్నారు పరీక్షకురాలు. అంటూ కిటికీవైపు తిరిగిపోయారు.

గేటు దగ్గర ఎర్రదీపం వెలిగింది.

ఆవిడ మళ్లీ నిలబడ్డారు. మళ్లీ ఎర్రదీపం. కాపలాదారు గది అద్దంలోకి తొంగిచూశారు. అందులో ఒక స్త్రీ ఉంది. బాగా నిద్రపోయి లేచినట్టు, మంచి వార్త విన్నట్టు. పూత ఎక్కడుందో వెతికినా కనబడలేదు. కనుబొమలు రెండూ సమానంగా ఉన్నాయి.

"ఇవాళ మీరు మీలాగే ఉన్నారమ్మగారూ," అన్నాడు కాపలాదారు బాధగా. "అదే వచ్చిన ఇబ్బంది."

ఆవిడ అక్కడినుంచే పరీక్షకురాలికి ఫోన్ చేశారు. "ఆ ముఖంతో మిమ్మల్ని ఆ కుర్చీ అడగడానికి పంపలేకపోయానమ్మా. అయిదు వారాలు తమాయించుకున్నాను. ఇవాళ చెయ్యి వినలేదు. పద్నాలుగూ దిద్దేశాను. యంత్రం సంగతి అప్పుడు గుర్తు రాలేదు... కాదులెండి, గుర్తొచ్చింది. పోల్చుకుంటుందేమో అనుకున్నాను. ఎంత యంత్రమైనా, అంత బాగా కుదిరితే..."

తిట్టడానికి వ్యవధి లేదు. తొమ్మిది కొట్టింది. ఆరో గైరుహాజరు నమోదైంది. సందర్శకురాలి బిళ్ల మెడలో వేసుకుని సూపరింటెండెంటు గారు మేడ ఎక్కారు.

బోర్డులో ముగ్గురు. అధ్యక్షుల వారికి అరవై నాలుగు, కుడిపక్క సభ్యులకు అరవై ఒకటి, ఎడమపక్క సభ్యులకు అరవై. ముగ్గురి తలలూ అమావాస్యను తలపించేవి. హాజరు పట్టిక చేతపట్టుకుని నిగనిగ గారు పక్కనే నిలబడ్డారు.

"మీరు ఇవాళ రాలేదని ఉంది," అన్నారు అధ్యక్షులు.

"వచ్చానండి."

"అది కనబడుతూనే ఉంది. కానీ రాలేదు."

"నిబంధన ప్రకారం అనర్హత సార్," అన్నారు నిగనిగ గారు, ఎంతో విచారంతో. "మేడమ్ మీద నాకు గౌరవం ఉంది. కానీ అయిదు రోజులన్న నియమం మనమే కదా పెట్టుకున్నాం."

సూపరింటెండెంటు గారు యంత్రంలోని ఫొటో ప్రతిని బల్ల మీద పెట్టారు. పరీక్ష సంగతి, పద్నాలుగు తప్పుల సంగతి, అయిదు వారాల నకలు సంగతి, ఫైలు చదివినట్టు చదివారు. సభ్యులు ఫొటోను చూశారు, ఆవిడను చూశారు, మళ్లీ ఫొటోను చూశారు.

"యంత్రాన్ని తప్పుపట్టనండీ," అన్నారావిడ. "రంగు వేసిన ముఖాన్ని చూపించాం, రంగు వేసిన ముఖాన్నే గుర్తుపెట్టుకుంది. అయితే నియమం అందరికీ ఒకటే కదా. ఈ కార్యాలయంలో నమోదైన ప్రతి ముఖాన్నీ, వేసుకున్న రంగులన్నీ కడిగించి, ఇవాళే ఒకసారి యంత్రం ముందు నిలబెట్టి సరిచూడాలని నా మనవి. ఎవరిది నిలిస్తే వారిదే అర్హత. సర్క్యులరులో ముఖానికి నిర్వచనం కూడా ఉంది: నుదుటి నుంచి గడ్డం దాకా. ఉప సూపరింటెండెంటు గారే రాశారు, చక్కగా రాశారు. మీసం ఆ సరిహద్దులోకే వస్తుంది."

నిగనిగ గారి చెయ్యి తనకు తెలియకుండానే పైపెదవి దగ్గరికి పోయింది.

"నాది... నాది మేకప్ కాదు మేడమ్," అన్నారాయన. "శుభ్రత."

"జుట్టు కూడా వస్తుందా?" అని అడిగారు ఎడమపక్క సభ్యులు, అడిగి, ఎందుకడిగానా అనుకున్నారు.

"నుదుటి మీద ఎంత పడితే అంత వస్తుందండీ. బోర్డు సభ్యుల ముఖాలు కూడా ప్రత్యేకానుమతితో పోయిన వారమే నమోదయ్యాయి. అందరం కలిసే కడుక్కోవచ్చు. కింద కుళాయి ఉంది."

అధ్యక్షుల వారు ఒక గ్లాసు నీళ్లు తాగారు. తదుపరి నాలుగు నిమిషాల్లో ఆ బోర్డు కనబరచిన ఐకమత్యం, కార్యదీక్ష, ఆ సంస్థలో అంతకుముందు ఎవరూ చూసి ఎరుగరు. ఆరు గైరుహాజర్లనూ సాంకేతిక కారణాలవల్ల పడినవిగా పరిగణించి మాఫీ చేశారు. ముఖాలను కడిగి సరిచూడడమనే ప్రతిపాదనను, అది మనుషుల గౌరవానికి భంగమని, ఏకగ్రీవంగా తోసిపుచ్చారు. మనుషుల గౌరవం విషయంలో కుడిపక్క సభ్యులు కొంత ఆవేశపడ్డారు కూడా.

ఆ తరవాత పటాల గురించి ఒక ప్రశ్న అడిగారు: వెలిసిపోతున్న సిరాను ఏం చేస్తారు? ఆవిడ ఇరవై నిమిషాలు జవాబు చెప్పారు. ముప్పై నాలుగేళ్లలో ఆవిడను ఆ ప్రశ్న ఎవరైనా అడగడం అదే మొదలు. నిగనిగ గారినీ అదే అడిగారు. ఆయన యంత్రాల అవసరం గురించి మాట్లాడారు.

మధ్యాహ్నానికి ఉత్తర్వు చేతికొచ్చింది. మిగతావారు వెళ్లేదాకా ఆగి, అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు.

"ఆ టీచర్ గారెవరో అన్నారు కదా. బాగా చేస్తారన్నమాట. అడ్రసు ఏమైనా... మా ఆవిడ కోసం."

"ఇస్తానండి. మేడమ్ గారికి ఎంత వయసుంటుంది?"

"ఆవిడకి అరవై." ఆయన కణత నిమురుకున్నారు. వేళ్లకు కొద్దిగా నలుపు అంటింది. "మగవాళ్లకి కూడా చెబుతారా, ఊరికే అడుగుతున్నాను."

"చెబుతారండి. ముందే అంటున్నాను, మొదటి సలహా తగ్గించమనే."

ఆయన చీటీని జేబులో భద్రపరచుకుని వెళ్లిపోయారు.

ప్రధాన పటాధికారిణి గారు తన కొత్త గదిలోకి వెళ్లి, తలుపు వేసి, కుర్చీలో కూర్చున్నారు. టేకు కుర్చీ, ఎత్తయిన వీపు, చేతుల దగ్గర చెక్కిన లతలు. కూర్చున్నాక పాదాలు నేలకు ఆనలేదు. ఆ కుర్చీలో అంతవరకూ కూర్చున్నవాళ్లంతా పొడవాటి మగవాళ్లు. కాసేపు కాళ్లు వేలాడేసుకుని, గోడమీది నగర పటాన్ని చూశారు. ముందుకు జరిగి చూశారు. మునివేళ్ల మీద ఆనుకుని చూశారు. తరవాత బెల్లు కొట్టారు.

కాపలాదారు పరుగున వచ్చి, పరిస్థితి చూసి, "పీట తెమ్మంటారా అమ్మగారూ? కాళ్లకింద పెట్టుకోడానికి?" అన్నాడు.

"వద్దు. వడ్రంగిని పిలు."

"ఎందుకండీ?"

"ఈ కుర్చీ కాళ్లు రెండంగుళాలు కోయాలి," అన్నారావిడ. "ఇవాళే."